ఒక్క పుస్తకంలో మూడు సబ్జెక్టులు: ఐదో తరగతి దాకా బడిలో పిల్లలు నేర్చుకునేది ఏంటి?

జూన్‌లో బడులు తెరిచి కిట్లు పంచిన వారంలో నెల్లూరు, ప్రకాశం ఊళ్లలో ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "ఏంది, ఒకటో తరగతికి ఒక్క పుస్తకమేనా?" పక్కింటి పాప చదివే ప్రైవేటు బడిలో అదే తరగతికి జీకే, కంప్యూటర్, డ్రాయింగ్, కర్సివ్ రైటింగ్ అంటూ పుస్తకాల కట్టే ఇస్తారు. రెండు బ్యాగులూ పక్కపక్కన పెట్టి చూస్తే సర్కారు బడిలో చదువు తగ్గిపోయిందేమో అనిపించడంలో వింత లేదు.

తగ్గింది బరువే. 2025-26 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిషు, గణితం మూడింటినీ కలిపి సెమిస్టర్‌కి ఒక పాఠ్యపుస్తకం, తోడుగా ఒక వర్క్‌బుక్ ఇస్తున్నారు. సబ్జెక్టులు ఎప్పటిలా మూడే. మూడో తరగతిలో పరిసరాల విజ్ఞానం చేరి నాలుగవుతాయి, ఐదు దాకా ఆ నాలుగే. పుస్తకాలు ఎన్నో లెక్కపెట్టినంత సులువుగా, వాటితో పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో లెక్కపెట్టలేం. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

ప్రణాళిక, సిలబస్, పుస్తకం ఒకటి కావు

మాటల్లో ఈ మూడింటినీ కలిపేస్తాం గానీ వీటి పనులు వేరు. ఏ వయసు పిల్లలకు ఏం నేర్పాలి, ఎందుకు నేర్పాలి, ఎలా నేర్పాలి, నేర్చుకున్నారని ఎలా తెలుసుకోవాలి అన్న మొత్తం ఆలోచన విద్యా ప్రణాళిక. దాంట్లోంచి ఏ తరగతిలో ఏ అంశం అని విడదీసి రాసుకున్నది సిలబస్. దాన్ని నేర్పడానికి టీచరు చేతిలో ఉండే పనిముట్లలో ఒకటి పాఠ్యపుస్తకం. నాలుగోది కూడా ఉంది. దాని పేరు అభ్యసన ఫలితాలు. అంటే తరగతి అయ్యేసరికి పిల్లలు ఏం చేయగలగాలో చెప్పే జాబితా. 2017లో దేశస్థాయిలో బడి చదువు చూసే సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వీటిని తరగతులవారీగా ఇచ్చింది. విద్యాహక్కు చట్టం నిబంధనల్లోనూ అప్పుడే వీటికి చోటు దొరికింది.

"భిన్నాలు అయిపోయాయి" అనేది సిలబస్ మాట. "అర రొట్టె ఎక్కువా, మూడో వంతు రొట్టె ఎక్కువా అంటే చెప్పి, ఎందుకో చూపించగలదు" అనేది అభ్యసన ఫలితం. మొదటిది జరిగినా రెండోది జరగకుండా ఉండొచ్చు. తల్లిదండ్రులకు, టీచర్లకు మధ్య వచ్చే వాదనల్లో చాలావాటికి మూలం ఈ తేడాయే అని నా అభిప్రాయం.

ప్రణాళిక కూడా ఒకేచోట తయారు కాదు. దేశమంతటికీ చట్రం 2005లో ఒకటి వచ్చింది. తర్వాత 2020 జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి చిన్నపిల్లల కోసం 2022లో ఒకటి, మొత్తం బడి చదువుకు 2023లో ఇంకొకటి వచ్చాయి. వాటిని చూసుకుని రాష్ట్రంలో అదే పని చేసే సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ మన పుస్తకాలు తయారు చేస్తుంది. కొత్త విధానంలో మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా, అంటే అంగన్‌వాడీ నుంచి రెండో తరగతి వరకు పునాది దశ. మూడు, నాలుగు, ఐదు తరగతులు సన్నాహక దశ. పరిసరాల విజ్ఞానం మూడో తరగతిలోనే ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ విభజనలోనే ఉంది.

తెలుగు: అక్షరాలు రావడం వేరు, చదవడం వేరు

తెలుగు చదవడం మొదలుపెట్టే పిల్లలకు పని ఎక్కువ. 35 హల్లులకు పన్నెండేసి గుణింతాలు వేసుకున్నా 420 రూపాలవుతాయి. వాటి మీద ఒత్తులు. రెండో తరగతి పిల్లలు "అమ్మ", "అక్క" దగ్గర ఆగకుండా పోయి "స్నేహితుడు" దగ్గర తడబడితే తెలివి తక్కువై కాదు, ఆ పదం కట్టుబడే అంత.

ఎక్కడ మొదలుపెట్టాలన్నదాని మీద పాత తగాదా ఒకటుంది. అ, ఆ, ఇ, ఈ వరసగా దిద్దించి, గుణింతాలు వల్లె వేయించి, ఆ తర్వాతే పదాలు చదివించాలనేది పెద్దల దారి. మార్కాపురం పలక మీద అరిగిపోయేదాకా దిద్దిన తరమంతా అలా నేర్చుకున్నదే. ఇప్పటి వాచకాలు చాలావరకు బొమ్మ చూపించి, పదం పలికించి, ఆ పదంలోంచి అక్షరాన్ని బయటికి తీస్తాయి. 'తల' అనే పదం వచ్చినాక త, ల వస్తాయి, వాటితో 'లత' చేస్తారు. అందుకే పిల్లాడికి 'ఱ' రాదు గానీ 'పడవ' చదివేస్తాడు. ఇంట్లో జేజికి అది తలకిందులుగా కనిపిస్తుంది.

వరస పద్ధతిని మెచ్చేవాళ్లు చెప్పేదాంట్లో బలముంది. మన లిపిలో ఏ గుర్తుకు ఆ శబ్దమే కాబట్టి వరస పట్టుబడితే ఏ కొత్త పదాన్నైనా కూడబలుక్కోవచ్చు. ఇటువైపు వాళ్ల మాటా కొట్టిపారేసేది కాదు. అర్థం లేని అక్షరాలతో ఏడాది గడిపిన పిల్లలకు, చదవడమంటే అర్థం చేసుకోవడమన్న సంగతే తెలియకుండా పోతుంది. 2022 చట్రం రెంటినీ విడిచిపెట్టలేదు. మాట్లాడించడం, అక్షరాలు-పదాలు గుర్తించడం, చదివించడం, రాయించడం అనే నాలుగు పనులకూ ప్రతిరోజూ చోటు ఉండాలంది.

ఇంటి యాస సంగతి ఇంకోటి. మన వైపు పిల్ల "యాడికి పోతుండావు" అంటుంది, పుస్తకం "ఎక్కడికి వెళ్తున్నావు" అంటుంది. కొందరు టీచర్లు అక్కడికక్కడే దిద్దుతారు. మరికొందరు ముందు పిల్లని మాట్లాడనిచ్చి, రాతలోకి వచ్చాక పుస్తకభాష అలవాటు చేస్తారు. ప్రతి సబ్జెక్టులో పిల్లలకు ఏ సామర్థ్యాలు రావాలో చెప్పేవి విద్యా ప్రమాణాలు, తెలుగు వాచకం వెనకున్న వాటిలో మొదటిది వినడం, ఆలోచించి మాట్లాడటం. నోరు విప్పని పిల్లల దగ్గర ఆ ప్రమాణాన్ని చూసే దారే లేదు కాబట్టి, మొదటి రెండేళ్లూ రెండో పద్ధతి వైపే ప్రణాళిక మొగ్గుతుంది.

ఎంత వేగంగా చదవాలన్నదానికీ కొలత పెట్టారు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ ప్రకారం మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి 60 పదాలు అర్థమయ్యేలా చదవాలి. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఇందులో ఒక చిక్కుంది. "వెళ్లిపోతున్నారనుకున్నాం" అన్నది మనకు ఒకే పదం. హిందీలో అదే సంగతి చాలా పదాలవుతుంది. అందుకే 2022లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనంలో భాషకో కొలత వేరుగా పెట్టారు. ఒక భాష పిల్లల వేగాన్ని ఇంకో భాష పిల్లల వేగంతో పోల్చి వార్తలు రాస్తే అది అన్యాయపు పోలిక.

గణితం: 52లోంచి 38 తీస్తే 26 ఎందుకు వస్తుంది?

రెండో తరగతి నోట్‌బుక్కుల్లో తరచూ కనిపించే తప్పు ఇది. 52 కింద 38 రాసి, తీసివేసి 26 అని వేస్తారు. రావాల్సింది 14. పెద్దవాళ్లు "చూసుకోకుండా చేశావు" అంటారు. నిజానికి చాలా చూసుకునే చేసి ఉంటారు. 2లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 2 తీశారు, 6 వచ్చింది. 5లోంచి 3 తీస్తే 2. రెండు తీసివేతలూ సరైనవే. రానిది స్థాన విలువ ఒక్కటే. 52 అంటే అయిదు పదులు, రెండు ఒకట్లు అని, ఒక పదిని విప్పితే నాలుగు పదులు, పన్నెండు ఒకట్లు అవుతాయని చేతికి తెలియలేదు. "పది అప్పు తెచ్చుకో" అన్న మాట చెవిన పడింది గానీ, ఎక్కడినుంచి తెచ్చుకోవాలో కళ్లకు కనపడలేదు. ఒకటో తరగతిలో చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించేది అందుకే. చూసేవాళ్లకు అది ఆటలా ఉంటుంది. "నూట అయిదు" అంటే 1005 అని రాయడం కూడా ఈ కోవలోదే.

ఇక్కడ ప్రణాళిక నడక తెలుస్తుంది. ఒక అంశాన్ని ఒక తరగతిలో పూర్తిచేసి వదిలేయరు. ప్రతి ఏడూ అదే అంశం కొంచెం లోతుకు దిగి మళ్లీ వస్తుంది. నిపుణ్ లక్ష్యాల్లో ఒకటో తరగతికి 99 దాకా సంఖ్యలు, రెండుకు 999, మూడుకు 9999. పైకి ఒక్కో అంకె పెరిగినట్టు ఉంటుంది గానీ లోపల పనిచేసేది అదే పుల్లల కట్ట.

మన నెల్లూరు వైపు పుట్టి లెక్కతో చూద్దాం. ఇక్కడ వడ్లు అమ్మేది పుట్టి లెక్కన, పుట్టి అంటే 850 కిలోలు. 850 అనే సంఖ్య చదవడం, 8 వందలు 5 పదులుగా విడదీయడం రెండో తరగతి పని. పుట్టి వడ్లు 50 కిలోల బస్తాల్లో పోస్తే ఎన్ని బస్తాలన్నది నాలుగో తరగతి భాగహారం, జవాబు 17. అర పుట్టి అంటే 425 కిలోలు, అది భిన్నం. ఐదో తరగతికి వచ్చాక 850 కిలోలు 8.5 క్వింటాళ్లవుతుంది. 2024-25లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాల్‌కు 2,320 రూపాయలు. ఎనిమిది క్వింటాళ్లకు 18,560, అర క్వింటాల్‌కు 1,160, మొత్తం 19,720. దళారి పుట్టికి 17,000 ఇస్తానంటే ఎంత నష్టమో ఆ పిల్ల 2,720 అని తీసివేసి చెప్పగలదు. ఇందులో దశాంశాలున్నాయి, గుణకారం ఉంది, తీసివేత ఉంది. కానీ పుస్తకం వీటిని మూడు వేర్వేరు పాఠాలుగా చూపిస్తుంది.

గణితానికి మన రాష్ట్రం పెట్టుకున్న విద్యా ప్రమాణాలు ఐదు: సమస్యా సాధన, కారణాలు చెప్పి నిరూపించడం, వ్యక్తపరచడం, సంధానం (ఒక అంశాన్ని ఇంకోదానితో ముడిపెట్టడం), బొమ్మగా చూపించడం. ఎక్కాలు ఈ జాబితాలో విడిగా లేవు. అలాగని వద్దనీ లేదు. ఇరవై ఎక్కాలు నోటికొస్తే లెక్క వేగంగా సాగుతుందని వాదించేవాళ్లు ఒకవైపు, ఏడెనిమిదులు యాభై ఆరు ఎందుకైందో తెలియకపోతే ఎక్కం ఒక్కచోట మరిచిపోయినా పిల్ల నిలబడిపోతుందని చెప్పేవాళ్లు ఒకవైపు. తరగతిలో రెండూ అవసరపడతాయి. తేడా అంతా ఏది ముందన్నదే.

పరిసరాల విజ్ఞానం: పుస్తకం లేని రెండేళ్లు, ఉన్న మూడేళ్లు

ఒకటి, రెండు తరగతుల్లో పరిసరాలకు వేరే పుస్తకం, వేరే సబ్జెక్టు లేకపోయినా ఆ సంగతులు మాత్రం ఉన్నాయి. కుటుంబం, చెట్లు, జంతువులు, తిండి, శుభ్రత అన్నీ తెలుగు, గణితం పాఠాల్లోనే కలిసి వస్తాయి. ఏడేళ్ల పిల్లలు లోకాన్ని సైన్సు, సోషలు అని విడదీసి చూడరన్నది దీని వెనకున్న ఆలోచన. మూడు నుంచి ఐదు వరకు పుస్తకం వస్తుంది. అప్పుడు కూడా సైన్సు, సోషలు కలిసే ఉంటాయి.

నీళ్ల పాఠం తీసుకుంటే, కనిగిరి వైపు పిల్లలకు అది పుస్తకంలో పాఠం కంటే ముందు ఇంట్లో సంగతి. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగే నీళ్లకు పనికిరాదని ప్రమాణం. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు ఎందుకొస్తాయన్నది సైన్సు. బిందెలతో ఎవరు, ఎంతదూరం నడుస్తున్నారన్నది సోషలు. ఇంటికి రోజుకు ఎన్ని బిందెలన్నది లెక్క. ఊరి ట్యాంకు ఎక్కడుందో గీయమంటే పట నైపుణ్యం. పెన్న ఒడ్డున ఉన్న పిల్లలకు అదే పాఠం నంది కొండల్లో పుట్టి, సోమశిల దాటి, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే నదిగా మారుతుంది. ఇస్కపల్లి వైపు ఉప్పు కొఠార్ల దగ్గరైతే, మడిలో నీళ్లు ఎండి ఉప్పు ఎలా మిగులుతుందో బడి గోడ దాటితే కనపడుతుంది. పుస్తకం రాష్ట్రమంతటికీ ఒకటే కాబట్టి ఈ తేడాలన్నీ టీచరే కలపాలి. ప్రశ్నించడం, క్షేత్ర పరిశీలన, ప్రాజెక్టు పనులు అనే ప్రమాణాలు పెట్టింది అందుకే. ప్రాజెక్టు అంటే కొట్లో చార్టు కొని బొమ్మలు అంటించడంగా మారిపోయిన చోట ఇవేవీ జరగవు, అది వేరే సంగతి.

ఇంగ్లిషు సబ్జెక్టు, ఇంగ్లిషు మీడియం

ఇవి రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఒకటో తరగతి నుంచి ఇంగ్లిషు ఒక భాషగా నేర్పడం మీద ఇప్పుడు పెద్దగా తగాదా లేదు. గణితం, పరిసరాలు ఏ భాషలో నేర్పాలన్నదే తగాదా. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు మాతృభాషలో అంటుంది. 2020 విధానం వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాష అంటుంది. మన రాష్ట్రంలో ఇంగ్లిషు మీడియం తప్పనిసరి చేస్తూ వచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత 2020-21లో ఒకటి నుంచి ఆరు వరకు ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిషు ఉన్న పుస్తకాలు వచ్చాయి.

కూలికి పోయే తండ్రి ఇంగ్లిషు మీడియం కోరుకోవడంలో లెక్క ఉంది. డబ్బున్నవాళ్ల పిల్లలకు దొరికేది తన పిల్లకు దొరక్కపోతే, ఇంటర్‌లో అకస్మాత్తుగా ఇంగ్లిషు మీద పడ్డప్పుడు వెనకబడేది తన పిల్లే. భాషా నిపుణులు చెప్పే కారణమూ గట్టిదే. ఇంట్లో వినపడని భాషలో భిన్నాలు నేర్పితే పిల్లలు ఒకేసారి రెండు కొత్తవి మోయాలి, భాషా రాక లెక్కా రాక రెండింటికీ చెడవచ్చు. రెండు పేజీల పుస్తకం ఈ రెండు వాదాల మధ్య కుదుర్చుకున్న రాజీ. ఆచరణలో చాలా తరగతుల్లో టీచరు ఇంగ్లిషు పేజీ చదివించి తెలుగులో వివరిస్తారు. నెల్లూరులో ఉర్దూ మీడియం బడి పిల్లలకైతే ఉర్దూ, ఇంగ్లిషుతో పాటు చుట్టూ వినపడే తెలుగు కూడా ఉంటుంది.

బొమ్మలు, ఆటలు, శనివారం

పాత పద్ధతిలో వీటిని సహపాఠ్య విషయాలన్నారు. ఆరోగ్య-వ్యాయామ విద్య, కళలు, పని విద్య, విలువలు-జీవన నైపుణ్యాలు ఇందులోకి వస్తాయి. 2023 చట్రం వీటిలో కళలను, వ్యాయామ విద్యను సన్నాహక దశలో పూర్తి సబ్జెక్టులుగానే లెక్కవేసింది. మన బడుల్లో 2025-26 నుంచి శనివారం బ్యాగు లేని రోజు. పాటలు, బొమ్మలు, ఆటలు, కథలు ఆరోజు. ఒకరోజు చదువు పోయిందని కొందరి బాధ. కానీ పడవ బొమ్మను అద్దం పట్టినట్టు రెండు వైపులా సమానంగా గీయడం గణితంలో వచ్చే సౌష్ఠవమే.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు

ఇప్పటిదాకా చెప్పిందంతా తరగతికో టీచరు ఉన్నారనుకుని రాసిన ప్రణాళిక. చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లే. నలభై మంది ఉన్న పల్లెబడిలో ఒకరు ఒకటి, రెండు తరగతులు, ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు తీసుకుంటే లెక్క ఇలా తేలుతుంది. మూడు తరగతులు చూసే టీచరు దగ్గర 45 నిమిషాల పీరియడ్‌లో ఒక్కో తరగతికి నేరుగా దొరికేది 15 నిమిషాలు. ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలుండాలని చట్టం. మూడు తరగతులకు ఒకే టీచరైతే ఒక్కో తరగతికి నేరుగా అందేది 267 గంటలు. మిగతా సమయం పిల్లలు బోర్డు మీదిది నోట్‌బుక్కులోకి ఎక్కించుకోవడంలో, ఒకరినొకరు చూసి రాసుకోవడంలో పోతుంది.

దీనికి రెండు రకాల జవాబులు వచ్చాయి. బడులను కలిపి తరగతికో టీచరును ఇవ్వడం ఒకటి. 2022లో చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు కలిపింది ఈ పేరు మీదే. పిల్లలు దూరం నడవాల్సి వచ్చి ఊళ్లలో గొడవలయ్యాయి. 2025లో ఆ ఏర్పాటు మార్చి, పిల్లలు తగినంత ఉన్నచోట తరగతికో టీచరుతో మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. రెండో జవాబు మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ బడుల్లో పుట్టింది. తరగతుల గోడలు తీసేసి, పిల్లలు కార్డుల వరసలో మెట్టు మెట్టు ఎవరి వేగంతో వాళ్లు వెళ్తారు. తమిళనాడు దాన్నే పెద్దఎత్తున తీసుకుంది. మొదటిదానికి బస్సో ఆటోనో కావాలి. రెండోదానికి సామగ్రి, దాన్ని నడపగల శిక్షణ కావాలి.

31 మార్కులంటే ఎంత వచ్చినట్టు?

నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు పెట్టిన లెక్కలో పాఠాలు సాగుతుండగానే చేసే నిర్మాణాత్మక మూల్యాంకనం, అంటే ఎఫ్‌ఏ, 50 మార్కులకు. పిల్లల భాగస్వామ్యానికి 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు 20. ఒక పాపకు 8, 9, 8 వచ్చి లఘు పరీక్షలో 6. ఇంకో బాబుకు 4, 4, 4 వచ్చి లఘు పరీక్షలో 19. ఇద్దరికీ 31. పాప తరగతిలో చురుగ్గా ఉంటుంది గానీ ఒంటరిగా కూర్చుంటే రాయలేకపోతోంది. బాబుకు అన్నీ వచ్చు, నోరు విప్పడు. మొత్తం మాత్రమే చూసిన ఇంట్లో ఇద్దరికీ ఒకే మాట పడుతుంది. ఇప్పుడు తల్లిదండ్రుల సమావేశాల్లో ఇస్తున్న సమగ్ర ప్రగతి పత్రాలు ఈ విడివిడి సంగతులను చూపించడానికి తెచ్చినవే.

బయటి నుంచి కొలిచేవాళ్లూ ఉన్నారు. 2005 నుంచి అసర్ అనే సర్వే బృందాలు పల్లెల్లో ఇళ్లకు వెళ్లి పిల్లల చేత రెండో తరగతి స్థాయి పేరా చదివిస్తాయి, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటాయి. ఐదో తరగతి పిల్లలు కూడా చాలామంది తడబడటం ఆ నివేదికల్లో ఏళ్లుగా కనపడుతోంది. ఆ తర్వాతే చదవడం, లెక్క అనే పునాది మీద ప్రభుత్వాల దృష్టంతా పడింది. చదవడం రాని పిల్లకు పరిసరాల పుస్తకం తెరిచినా మూసినట్టే అని దీన్ని సమర్థించేవాళ్లంటారు. కొలిచేది ఆ రెండే అయ్యేసరికి బొమ్మలు, ప్రశ్నలు, పొలంగట్టు పరిశీలన మెల్లగా పక్కకు జరుగుతున్నాయని అభ్యంతరపెట్టేవాళ్లూ అదే స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఉంటారు.

ఆరో తరగతికి వెళ్తే ఈ అమరికంతా మారిపోతుంది. పరిసరాల విజ్ఞానం సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రంగా రెండవుతుంది. హిందీ మూడో భాషగా మొదలవుతుంది. ఐదేళ్లు సబ్జెక్టులన్నీ ఒకరి దగ్గరే కలిపి నేర్చుకోవడం అలవాటైన పిల్లలకు అక్కడ సబ్జెక్టుకో టీచరు వస్తారు.